దూలానికి వేలాడిన తుపాకి



పోయిన నెల మాకు అందిన ఉత్తరాలలో ఒకటి ఉదయగిరి వైపు పల్లె నుండి వచ్చింది. వ్రాసిన సహోదరుడు చేలోనే ఇల్లు కట్టుకొని కాపురముంటున్నారు. ఊరు కిలోమీటరు దూరం. ఇంట్లో వృద్ధురాలైన తల్లి, భార్య, ఎదిగిన ఇద్దరు ఆడపిల్లలు. వేరుశనగ వేస్తే కాయ ఊరే వేళకు అడవిపందులు దిగుతున్నాయట. రాత్రిపూట కుక్క మొరిగితే అది పందిని చూసి మొరుగుతున్నదో, మనిషిని చూసి మొరుగుతున్నదో తెలియక తెల్లవార్లూ కూర్చొంటున్నారట. "తుపాకి లైసెన్సుకు అర్జీ పెట్టుకుందామని ఉన్నది. విశ్వాసి ఇంట్లో తుపాకి ఉండవచ్చునా? మీ అభిప్రాయము పత్రికలో వ్రాయండి" అని అడిగారు.

ఔననో కాదనో ఒక్క మాటలో చెప్పగలిగితే కార్డు మీద వ్రాసి పంపి ఉందుము. ఈ ప్రశ్న మా ఇంట్లో నలభై ఏళ్లుగా ఉన్నది. ఇన్నాళ్లూ దీనిని గూర్చి పత్రికలో వ్రాయకపోవడానికి కారణం మా సిగ్గే.

మా సొంత ఊరు కూడా ఆ ఉదయగిరి కొండ కనబడే పల్లెలలో ఒకటి. శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడి వేసి 1514లో గజపతుల చేతిలో నుండి ఆ దుర్గమును తీసుకొన్నాడని బడిలో చదువుకొన్నాము. మా అవ్వ మాత్రం ఆ కొండ వైపు చూపి, "అన్ని గోడలు కట్టుకున్నోళ్లకే కాపుదల చాల్లా, మన తడికె తలుపు ఏపాటిది" అనేది. అట్లని పడుకొనేముందు తలుపుకు రోకలి అడ్డం పెట్టడం మానేది కాదు.

ఆ ఇంట్లో నడిమి దూలానికి ఒక తుపాకి వేలాడుతూ ఉండేది. అది మా నాయనది. గొట్టం మూతి నుండి మందు పోసి దట్టించే నాటు తుపాకి. పంటల కాపుదల కోసమని సర్కారు లైసెన్సు ఇచ్చినది. తాతల కాలంలో మనవంటి వారికి అది దొరికే వస్తువు కాదు. 1878లో తెల్లదొరతనం తెచ్చిన ఆయుధాల చట్టం లైసెన్సు లేనిదే భారతీయుడు తుపాకి ముట్టకూడదన్నది, దొరలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. సమూయేలు మొదటి గ్రంథము 13వ అధ్యాయములో ఫిలిష్తీయులు ఇశ్రాయేలు దేశములో కమ్మరి లేకుండా చేసిన సంగతి చదివినప్పుడల్లా మా నాయనకు ఈ చట్టమే గుర్తుకు వచ్చేది. స్వాతంత్ర్యం తరువాత 1959లో వచ్చిన చట్టం పంట కాపుదలకు ఇటువంటి మూతిమందు తుపాకిని ఇచ్చుటకు వీలు కల్పించింది. నాయన లైసెన్సు పుస్తకాన్ని బైబిలు పక్కనే రేకు పెట్టెలో దాచేవాడు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా తుపాకిని గోనెపట్టలో చుట్టి పోలీసు స్టేషనులో అప్పగించి, ఎన్నికలు అయినాక తెచ్చుకొనేవాడు.

ఆ తుపాకితో నాయన పందిని కొట్టగా మేము చూడలేదు. చేలో ఆకాశం వైపు పేల్చేవాడు, పందులు పరుగెత్తేవి, మూడో రోజు మళ్లీ వచ్చేవి. కాని తుపాకి ఉన్న ఇల్లని ఊరిలో పేరు. ఆ పేరు మాకు చాలా ఇష్టంగా ఉండేది, దానిని ఎట్లా పట్టుకోవాలో కూడా తెలియని మాకు.

1987 నవంబరులో నాయన కూటాలకని కావలి వెళ్లి ఉన్నాడు. మాకప్పుడు ఇరవై ఏళ్లు. రెండు రోజులుగా ముసురు. ఆ నెలలో పక్క ఊర్లో రెండు ఇండ్లలో దొంగలు పడ్డారని పుకారు. ఎవరి సొమ్ము పోయిందో ఎవరికీ తెలియదు గాని దొంగలు ఎవరో మాత్రం అందరికీ తెలిసినట్టే మాట్లాడుకొన్నారు. ఎరుకలవారని.

ఈ మాట ఎక్కడి నుండి వచ్చిందో కొంచెం చెప్పవలెను. 1871లో తెల్లవారు నేరస్థ తెగల చట్టమని ఒకటి చేశారు. 1911 తరువాత దానిని మన మద్రాసు రాజధానిలో అమలు చేశారు. ఒక కులంలో పుట్టినందుకే మనిషి దొంగ అని వ్రాసిపెట్టే చట్టం అది. అట్లా వ్రాయబడిన ఎరుకల కుటుంబాల కోసం కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషను వారు, స్టువార్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ వారు సెటిల్మెంట్లు నడిపారు. అక్కడ వారికి చదువు చెప్పారు, పని నేర్పారు. హాజరు వేయకుండా ఊరు దాటనివ్వని కాపలా కూడా ఉండెను. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ జాబితా రద్దు అయినది. చట్టం పుస్తకంలో నుండి పేరు పోయింది, మా ఊరి నోళ్లలో నుండి పోలేదు. మా నోటి నుండి కూడా పోలేదు, మా సంఘంలో ఆదివారం మాతో ఒకే చాప మీద కూర్చొనే ఎరుకల కుటుంబాలు నాలుగు ఉన్నా.

అర్ధరాత్రి దాటింది. కుక్క మొరిగింది, తరువాత ఊరుకొంది. అది ఊరుకోవడం వింతగా తోచాలి గదా, మాకు తోచలేదు. పశువుల కొట్టం వెనుక, వామి పక్కన, గోనెసంచి తలపై కప్పుకొన్న ఒక ఆకారం కదిలింది. ఏదో అన్నట్టున్నది, వాన చప్పుడులో మాట తెలియలేదు. దూలం మీది తుపాకి దించాము. నాయన మందు దట్టించే ఉంచాడని మాకు తెలుసు. గొట్టం వెనుక ముక్కు మీద రాగి టోపీ పెట్టి, గుర్రం వెనక్కి లాగి, వాకిట్లో నుండే ఆ ఆకారం మీదికి గురిపెట్టాము. "ఎవరు?" అని ఒక్క మాట అడగలేదు. మీట నొక్కాము.

టప్ మని టోపీ పేలింది. తుపాకి పేలలేదు.

మందు తేమెక్కి ఉన్నదని ఆ తరువాత తెలిసింది. ఆ క్షణంలో మేము అనుకొన్నది, ఇది పాడయిపోయిందని. గొట్టం దించి ఇంట్లోకి తిరిగాము. అట్లా తిరిగినప్పుడు అది పేలింది. మా చెల్లెలు చప్పుడుకు లేచి వచ్చి గడపలో నిలబడి ఉన్నది. రవ్వలు ద్వారబంధం అడుగున దిగబడ్డాయి, ఆమె కాలికి జానెడు దూరంలో. ఇల్లంతా పొగ, గంధకం వాసన. అవ్వ కేకలు పెట్టింది. వామి దగ్గర నుండి "అమ్మగారూ, కాల్చబాకండమ్మా, నేనూ" అని అరుపు వినబడింది.

ఆయన మా సంఘస్థుడే, ఎరుకల కాలనీ వాడు. భార్యకు నొప్పులు వచ్చి సాయంత్రం నుండి కాన్పు కాలేదట. మా అమ్మ బైబిలు స్త్రీగా పని చేసేది, కాన్పులు చేయడం కూడా నేర్చుకొన్నది. ఆమెను పిలుచుకొని పోవడానికి వచ్చాడు. ముందు తడికె మూసి ఉండుటచేత కొట్టం వైపు నుండి వచ్చాడు. కుక్కకు ఆయన అలవాటే కనుక ఊరుకొన్నది.

అమ్మ మా వైపు చూడలేదు. చెల్లెలి కాలు తడిమి చూసింది, లాంతరు తీసుకొన్నది, ఆయన వెంట వానలో వెళ్లింది. తెల్లవారకముందే ఆడబిడ్డ పుట్టింది.

నాయన మూడో నాడు వచ్చాడు. కొడతాడనుకొన్నాము. ద్వారబంధం దగ్గర చతికిలబడి, రవ్వలు దిగిన తావులను వేలితో ఒక్కొక్కటే ముట్టి చూశాడు. "తప్పు నాది. మందు దట్టించి పెట్టింది నేను, నేర్పకుండా పెట్టింది నేను" అన్నాడు. లైసెన్సు ఒకరి పేర ఉండగా ఇంట్లో మరొకరు దానిని ముట్టడమే నేరమని కూడా అప్పుడే చెప్పాడు. అంతకు ముందు ఎన్నడూ చెప్పలేదు.

ఆ వారమే మమ్మును బస్సెక్కించి ఆత్మకూరు తీసుకొని వెళ్లాడు. అక్కడ ఒక సంఘస్థుడు పట్టాళంలో హవల్దారుగా పనిచేసి పింఛను మీద వచ్చి ఉన్నాడు. ఆయన మాకు రెండు దినములు పాఠం చెప్పాడు. మొదటి దినమంతా తుపాకి ముట్టనివ్వలేదు. చేతికి ఒక కానుగ కట్టె ఇచ్చి, అదే తుపాకి అనుకోమన్నాడు. ఆ కట్టె కొన ఎప్పుడైనా మనిషి వైపు తిరిగితే నడిరోడ్డు మీదైనా కేకలు వేసేవాడు. కట్టె గదా అని నవ్వినందుకు మధ్యాహ్నం అన్నం దగ్గర కూడా దానిని ఒళ్లో పెట్టుకొని, కొన గోడ వైపు ఉంచి తినవలసి వచ్చింది.

ఆయన చెప్పినవి నాలుగు మాటలు. ఏ తుపాకి అయినా మందు ఉన్నట్టే భావించు. చంపదలచుకోని దాని మీదికి గొట్టం తిప్పకు. గురి కుదిరేదాకా మీట మీద వేలు పెట్టకు. నీ ముందున్నది ఏమిటో, దాని వెనుక ఏమున్నదో తెలియకుండా పేల్చకు. చాలా ఏళ్లకు తెలిసింది, అమెరికాలో జెఫ్ కూపర్ అనే సైనికాధికారి తుపాకి శిక్షణకు బడి పెట్టి ప్రచారం చేసిన నాలుగు సూత్రాలూ ఇవేనని. ఆ దేశంలో తుపాకులకు కొదవ లేదని అందరికీ తెలుసు. అక్కడ కూడా న్యూయార్కు రాష్ట్రం 1949లోనే వేటకు పోయేవారు ముందు భద్రతా పాఠం నేర్చుకోవలెనని నియమం పెట్టింది. వేటగాండ్లు జింక అనుకొని తోటి వేటగాండ్లను కాల్చుకొంటున్నందున.

మా తుపాకి సంగతి విని హవల్దారుగారు మరొక మాట చేర్చాడు. టోపీ పేలి మందు పేలకపోతే నిప్పు లోపల మెల్లగా పాకుతూ ఉండవచ్చు. గొట్టం ఎవరూ లేని వైపే ఉంచి కనీసం నిమిషం సేపు కదలకుండా నిలబడవలెను. ఈ ఒక్క సంగతి తెలియక మా చెల్లెలిని పోగొట్టుకోబోయాము.

రెండో దినం సాయంత్రం మమ్మును చెరువు కట్ట మీద కూర్చోబెట్టాడు. మసక వెలుగులో పొలాల నుండి వచ్చేవారిని చూపి, "వాడెవడు? చేతిలో ఏముంది?" అని అడిగాడు. గొడ్డలి అన్నాము, గొడుగు. మగవాడన్నాము, గడ్డిమోపు ఎత్తుకొన్న ఆడమనిషి. పదిమందిలో ఆరుగురిని తప్పు చెప్పాము. చీకటి పూర్తిగా పడకముందే! హవల్దారుగారు నవ్వలేదు. "భయపడ్డోడి కంటికి ప్రతి చేతిలోనూ కత్తే కనబడుద్ది. అందుకే ముందు నోరు, తర్వాత దీపం, ఆ తర్వాతే చెయ్యి" అన్నాడు. తుపాకి పేల్చడం ఆ తరువాత అరగంటలో నేర్పాడు. అయిదు సార్లు పేల్చాము, కుండ ఒక్కసారి పగిలింది.

ఇంటికి వచ్చినాక మాకు గెత్సేమనే తోట గుర్తుకు వచ్చింది. రాత్రివేళ, దివిటీల వెలుగులో, గుంపు మధ్య, పేతురు కత్తి దూసి ప్రధానయాజకుని దాసుని కొట్టాడు. తెగినది మల్కు కుడి చెవి. చెవి కోయడానికి ఎవడూ కత్తి దూయడు, తలకే గురిపెట్టి ఉంటాడని మా అనుకోలు. పేతురు వలలు వేసిన చెయ్యి గాని కత్తి పట్టిన చెయ్యి కాదు. తన నాయకుని కాపాడవలెనని ధైర్యంతోనే లేచాడు, దెబ్బ ఒక దాసుని మీద పడింది. ప్రభువు ఆ చెవిని ముట్టి స్వస్థపరిచినట్లు లూకా వ్రాశాడు. మా తుపాకి ఆ రాత్రి పేలి ఉంటే ముట్టి బాగు చేసేవారెవరు? దావీదు సంగతి కూడా ఇటువంటిదే. సౌలు ఇచ్చిన కత్తి, కవచము మంచివే. తనకు అలవాటు లేనివని విడిచిపెట్టి, చిన్ననాటి నుండి చేతికి అలవాటైన వడిసెలనే తీసుకొన్నాడు.

ఇక మన సహోదరుని ప్రశ్నకు వద్దాము. ఆత్మరక్షణ పాపమని మేము అనము. నిర్గమకాండము 22వ అధ్యాయములో రాత్రి కన్నము వేయుచున్న దొంగ దెబ్బతిని చచ్చిన యెడల ఇంటివానిపై రక్తాపరాధము లేదని ఉన్నది. సూర్యుడు ఉదయించిన తరువాతనైతే ఉన్నది. ఆశ్చర్యమేమనగా, 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 41వ సెక్షను కూడా సూర్యాస్తమయానికీ సూర్యోదయానికీ నడుమ ఇల్లు పగులగొట్టి చొరబడుటను వేరుగా చెప్పింది. అటువంటి వేళ ఇంటివాడు ప్రాణం తీయవలసి వచ్చినా ఆత్మరక్షణ క్రిందికి రావచ్చును. కాని 37వ సెక్షను కూడా చదవవలెను. పోలీసులను పిలుచుకొనే వ్యవధి ఉంటే ఆ హక్కు లేదు, కాపాడుకొనేందుకు అవసరమైనంత కంటె ఎక్కువ హాని చేయకూడదు. చేలో కాయలు పెరుక్కొని పోయేవానిని, ప్రాణభయం లేనప్పుడు, చంపే హక్కు ఏ చట్టమూ ఇవ్వలేదు. నాలుగు కంకులు కోసుకొన్నందుకు మనిషి ప్రాణం తీసి కోర్టులో ఆత్మరక్షణ అంటే చెల్లదు.

పందుల సంగతి మరీ చిక్కు. పంట కాపుదలకు తుపాకి లైసెన్సు వేరు, అడవిపందిని చంపడానికి అనుమతి వేరు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి లేనిదే దానిని చంపకూడదు. మీద పడ్డప్పుడు ప్రాణరక్షణకు చంపితే నేరము కాదు గాని, చచ్చిన పంది సర్కారు సొత్తు, కూరకు రాదు. ఈ సంగతి చెబితే మా ఊరిలో చాలామంది ముఖాలు చిన్నబుచ్చుకొంటారు. ఇక తుపాకి లేనివారు చేసే పనులు తుపాకి కంటె భయంకరమైనవి. చేను చుట్టూ తీగ కట్టి కరెంటు పెట్టడం, పిండిలో నాటు బాంబు పెట్టి దారిలో వేయడం. ఆ తీగకు పంది, పక్క చేని రైతు, గేదెను వెదుక్కొంటూ వచ్చిన పిల్లవాడు అనే తేడా తెలియదు. తుపాకికైనా వెనుక ఒక కన్ను ఉంటుంది, తీగకు అదీ లేదు. సహోదరుడా, మీరు ఏమి చేసినా చేయండి గాని ఆ తీగ జోలికి మాత్రం పోవద్దు.

మా నాయన 2021లో ప్రభువునందు నిద్రించాడు. లైసెన్సుదారుడు పోయినాక తుపాకి ఇంట్లో ఉండకూడదు కనుక దానిని అప్పగించాము. ఊరిలో సేద్యం చేసేది మా తమ్ముడు. దానిని తన పేరిట మార్పించుకొంటానన్నాడు. మేము వద్దన్నాము. పండుగకు కలిసినప్పుడు మాటా మాటా పెరిగింది. "నువ్వు నెల్లూరులో తలుపేసుకొని పండుకుంటావు, పందులతో ఏగేది నేను గదన్నా" అన్నాడు. అది నిజమే. చేను కాపలా కాయనివాడు కాపలా కాసేవానికి నీతులు చెప్పడం తేలిక. అప్పుడు మేము మాట మార్చి ఒక్కటే అడిగాము, నేర్చుకొని పెట్టుకొంటావా, నాయన వలె దూలానికి వేలాడదీస్తావా అని.

అర్జీ గూర్చి విచారిస్తే చట్టమే మాకంటె ముందు ఆ ప్రశ్న అడిగిందని తెలిసింది. 2016 ఆయుధాల నియమావళి ప్రకారం లైసెన్సు కోరేవాడు భద్రతా శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్టు చూపవలెను. తుపాకిని జాగ్రత్తగా పట్టుట, మోయుట, పేల్చు పద్ధతి, దానిని శుభ్రముగా ఉంచుట, భద్రముగా దాచుట ఆ శిక్షణలో ఉన్నవి. శరీరమూ మనస్సూ ఆరోగ్యముగా ఉన్నవని వైద్యుని సర్టిఫికెట్టు కూడా కావలెను. మా నాయన లైసెన్సు తీసుకొన్న రోజులలో ఇవేవీ ఎవరూ అడిగినట్టు లేదు. అడిగి ఉంటే మా ద్వారబంధం నున్నగా ఉండేది.

కనుక ఉత్తరం వ్రాసిన సహోదరునికి మా అభిప్రాయము ఇది. ముందుగా తలుపుకు మంచి గడియ, వాకిట్లో దీపం, కుక్క, పిలిస్తే పలికే పొరుగువారు, ఫోనులో 112 నంబరు ఉండవలెను. ఇవి ఉన్న తరువాత కూడా తుపాకి అవసరమని తోస్తే పెట్టుకోండి. శిక్షణ సర్టిఫికెట్టు కోసం మాత్రమే పొందవద్దు. మందు నింపి ఉంచవద్దు. మందు ఒకచోట, టోపీలు ఒకచోట, తుపాకి తాళములో ఉండవలెను. క్రొత్త ఇల్లు కట్టినవాడు పైకప్పుకు పిట్టగోడ కట్టించవలెనని ద్వితీయోపదేశకాండములో ఉన్నది గదా, ఎవరైనా పడితే రక్తాపరాధము ఇంటి మీదికి వస్తుందని. తుపాకికి తాళం అటువంటి పిట్టగోడ. లైసెన్సు మీ ఒక్కరి పేర ఉన్నా అందులో ఉన్న ప్రమాదం ఏమిటో మీ ఆడపిల్లలకూ తల్లికీ చెప్పండి. మా ఇంట్లో గడపలో నిలబడినది తుపాకి ముట్టిన మనిషి కాదు.

ఒక సంగతి మిగిలి ఉన్నది. ఆ రాత్రి వామి దగ్గర నిలబడిన ఆయన ఇప్పుడు డెబ్బైకి దగ్గర పడుతున్నాడు. ఆ రాత్రి పుట్టిన బిడ్డకు ఇద్దరు పిల్లలు. నాయన సమాధి కార్యక్రమానికి పెట్టె మోసినవారిలో ఆయన ఒకడు. తుపాకి పేలిన సంగతి ఆయనకు తెలుసు. అది పొరపాటున పేలిందని ఊరంతా అనుకొన్నది, మేము దిద్దలేదు. మొదట తన మీదికే గురిపెట్టి మీట నొక్కామని ముప్పై నాలుగేళ్లు చెప్పలేదు. సంస్కార ఆరాధనలో ఆయన పక్కనే కూర్చొని రొట్టె తీసుకొన్న ఆదివారాలు ఎన్నో లెక్కలేదు. సమాధుల తోట నుండి తిరిగి వచ్చేటప్పుడు చెప్పాము.

ఆయన నడక ఆపలేదు. "నాకు ఆ రాత్రే తెల్సులే అబ్బయా. టోపీ పేల్తే నిప్పురవ్వ కనబడ్డది గదా, నా ఎదురుగానే" అన్నాడు.

మరి ఎన్నడూ అడగలేదేమన్నాము.

"అడిగి ఏం జేసేది? ఆనాటినించి మీ ఇంటికొచ్చేటప్పుడు వీధి మొదట్లోనించే పాట ఎత్తుకుంటా ఉండా" అన్నాడు.

అది నిజం. చీకటి పడినాక ఆయన మా ఇంటికి ఎప్పుడు వచ్చినా గట్టిగా కీర్తన పాడుకొంటూ వచ్చేవాడు. ఎంత భక్తిపరుడు అని మా అమ్మ మెచ్చుకొనేది. మేము కూడా ఈ పత్రికలో ఒకసారి, పేరు చెప్పకుండా, ఆ పాటను గూర్చి మెచ్చుకొని వ్రాశాము. మా ఇంటి తుపాకికి పూర్తి శిక్షణ పొందినవాడు ఆయన ఒక్కడే.

ఆ మాట మా తమ్మునికి చెప్పాము. వాడు చాలాసేపు మాట్లాడలేదు. లైసెన్సు ఫారం నింపి ఉన్నది గాని ఇంకా పంపలేదు. శిక్షణకు పోయి వచ్చినాకనే పంపుతానన్నాడు. ఈ ఏడు వేరుశనగకు పాత చీరలు కట్టి, మంగలి దుకాణం నుండి వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లి, మంచె మీద డబ్బాతో, టార్చితో కూర్చొన్నాడు. పందులు ఒక మూల తినిపోయాయి. మిగిలినది దక్కింది.

కోతకు ముందు మేము ఊరికి వెళ్లాము. దీపాలు పెట్టే వేళకు వాడికి అన్నం క్యారియరు తీసుకొని చేనికి నడిచాము. మంచెకు ఇంకా యాభై గజాలు ఉండగానే గట్టిగా వినబడింది, "ఎవరదీ?"

"నేనేరా."

"నేనంటే ఎవరు? ఆడ్నే నిలబడి పేరు చెప్పు."

పేరు చెప్పి, టార్చి వెలుగు ముఖం మీద పడేదాకా గట్టు మీదనే నిలబడ్డాము.